ముద్ర పడని అర్జీ

సోమవారం మా ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. పొద్దున్నే స్టాంపుప్యాడ్ మూత తీయగానే ఊదా సిరా వాసన ముక్కుకు తగులుతుంది, మార్తమ్మ టీచరు గుర్తొస్తారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ వాసనకు అలవాటు పడాల్సింది. అలవాటు కాలేదు సరికదా, సిగ్గే పెరిగింది.

మా గోదారి లంకలోని మిషన్ బడిలో ఆవిడ నాకు నాలుగో తరగతి చెప్పారు. బడి బోరు పాడైతే మా చేతే పంచాయతీకి అర్జీ రాయించి, మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడి గుమాస్తా కాగితం తీసుకుని "సరేనండి, చూస్తాం" అన్నాడు. ఆవిడ కదల్లేదు. నకలు మీద ముద్ర వేసి ఇచ్చేదాకా మమ్మల్నీ ఎండలోనే నిలబెట్టారు. "ముద్ర లేకపోతే మనం రానట్టేరా" అన్నారు తిరిగొస్తూ. తర్వాత నాకు గుమాస్తా ఉద్యోగం వస్తే అందరికంటే ఎక్కువ మురిసిపోయింది ఆవిడే. "మనోడు బల్లకి అవతల ఉన్నాడు" అని ఊరంతా చెప్పుకున్నారు.

రిటైరయ్యాక కూడా ఆవిడ ఊరుకోలేదు. వారం వారం వాయిదాలు వసూలు చేసే ఫైనాన్సు కంపెనీల మనుషులు లంకల్లో ఆడవాళ్లను ఇంటిముందు నిలబెట్టి నానా మాటలూ అంటుంటే, వాళ్లందర్నీ కూడగట్టి, పంటు మీద గోదారి దాటించి, మా ఆఫీసు ముందు ధర్నాకు కూర్చోబెట్టారు. వసూళ్లకు ప్రభుత్వం కొత్త నిబంధనలు రాయిస్తోందనీ, రాసే కమిటీ నిండా కంపెనీల వాళ్లే ఉన్నారనీ అప్పట్లో అందరికీ తెలుసు. మంచినీళ్లు ఇచ్చే వంకతో వెళ్లి అడిగాను.

"ఇలా కూర్చుంటే వాళ్లు దిగొస్తారంటారా, టీచరు గారూ?"

"ఆ కంపెనీవాడు పూతరేకుల పెట్టె పట్టుకుని పెద్దోళ్ల గుమ్మానికి రోజూ వెళ్తాడు. మనం ఏడాదికోసారి వెళ్తాం. వాడి బలం అదేరా. మనమూ రోజూ వెళ్దాం, చూద్దాం."

ఆ మధ్యాహ్నం అర్జీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నాలుగు కాగితాల నిండా సంతకాలు, వేలిముద్రలు. నేను ప్యాడ్ వైపు చూశాను. పొద్దున్నే మా అధికారి పిలిచి, "ఆ ఫైనాన్సు అర్జీలు తీసుకోండి గానీ ముద్ర వేయకండి, రిజిస్టరులో ఎక్కించకండి. పైనుంచి చెప్పారు. ఏజెన్సీకి బదిలీ కావాలా ఏంటి మీకు?" అన్నారు. నేనింకా తేల్చుకోకముందే టీచరు గారు నకలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. వెనకున్న ఒకావిడ "ముద్రండీ?" అంది. "మనోడి దగ్గర ముద్రేంటమ్మా" అని నవ్వి వెళ్లిపోయారు. నేను వెనక్కి పిలవలేదు. పిలిస్తే ఏమయ్యేది? బదిలీ అయ్యేది, అంతే.

ఫిర్యాదులేమైనా వచ్చాయా అని కమిటీ అడిగితే, ఏవీ రాలేదని మా ఆఫీసు నుంచి జవాబు వెళ్లింది. ఆ వాక్యం టైపు చేసింది నేనే. నిబంధనలు కంపెనీలు కోరినట్టే వచ్చాయి, ఫిర్యాదులేవీ రాలేదన్న మాటతో సహా. నా ఒక్క ముద్రతో అవి మారేవి కావేమో. ఆ మాట అనుకునే చాలాకాలం నన్ను నేను వెనకేసుకొచ్చాను.

ఆ తర్వాతి సోమవారం ఆవిడ అందరితోపాటు వరసలో నిలబడి వచ్చారు. కొత్త అర్జీ, దాని నకలు బల్ల మీద పక్కపక్కనే పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ముద్ర వేసి ఇవ్వండి, గుమాస్తా గారూ" అన్నారు.

ముద్ర వంకరగా పడింది. ఆవిడ సిరా ఆరేదాకా ఊది, తేదీ చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకున్నారు. పై సోమవారమూ వచ్చారు. కాళ్లు ఆడినన్నాళ్లూ వచ్చారు.

ఇప్పుడు ఎవరు అడిగినా అడక్కపోయినా ముద్ర వేసే ఇస్తాను. మంచి గుమాస్తా అని పేరు కూడా వచ్చింది. నా దగ్గర ముద్ర అక్కర్లేదనుకున్న మనిషి లోకంలో ఒక్కరే ఉండేవారు. ఆ రోజు ఆవిడకే వేయలేదు.