సూర్యకళ గీసిన ఉత్తరదేశపు మహాకాయుడు

వినాయక చవితి పందిళ్ల తెరల మీద రాక్షసులను గీయాలంటే ధవళేశ్వరంలో సూర్యకళ తర్వాతే ఎవరైనా. ఆవిడది అందెవేసిన చెయ్యి. రాజమండ్రి బడిలో డ్రాయింగ్ చెబుతూ బొమ్మలు వేసుకునే ఆ మనిషికి నలభై దాటాక మొట్టమొదటి పుస్తకం పని వచ్చింది. నార్వే, స్వీడన్ జానపద కథలు తెలుగులో వేస్తున్నారు. పుస్తకం నిండా మహాకాయులే.

హుషారుగా గీసి పంపింది. ప్రచురణకర్త యుగంధర్ ఫోన్ చేసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏంటండీ ఇది! మంచుకొండల్లో ఉండేవాడికి వడ్డాణం, భుజకీర్తులు పెట్టేశారు!"

సూర్యకళకి తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం అక్కడి పాత చిత్రాలు పంపి ఓపిగ్గా వివరించాడు. ఆ మహాకాయుడు ఉత్త దుర్మార్గుడు కాదు. ఆ కొండ, ఆ చలి, మనుషులకంటే ముందునుంచీ ఉన్న ఆ నేల బలమే వాడి రూపం. అందుకే వీపు మీద చెట్లు మొలిపిస్తారు, గడ్డానికి నాచు పట్టిస్తారు. ఇంకొక్కసారి ప్రయత్నించమన్నాడు. కుదరకపోతే పని వేరేవాళ్లకి ఇవ్వక తప్పదన్నాడు.

ఎన్నిసార్లు గీసినా వాడికి పందిరి రాక్షసుడి కోరలూ, కోరచూపే వచ్చాయి. బుద్ధెరిగి మంచుకొండ అన్నది చూడని మనిషి, పాపం ఏం చేస్తుంది!

అంతలో గోదావరికి వరద వచ్చింది. నది మధ్య లంకలో, గెలలు కోతకొచ్చిన తమ అరటితోట మునిగిపోయింది. మర్నాడు అత్తగారు లోవలక్ష్మి పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క పట్టుకుని రేవుకి బయల్దేరితే సూర్యకళకి ఒళ్లు మండింది.

"తోటంతా మింగేశాక సారె కూడానా అత్తయ్యగారూ?"

"గోదారమ్మకి మనమీద కోపమేంటమ్మా? ఆవిడ దారిన ఆవిడ పోతోంది. ఆ దారిలో మనమే మొక్కలేసుకున్నాం," అంది పెద్దావిడ, కళ్లు తుడుచుకుంటూనే.

సూర్యకళ కూడా వెళ్లి రేవు మెట్ల మీద చాలాసేపు నిలబడింది. ఎర్రటి నీళ్లు ఎవరినీ పట్టించుకోకుండా పోతున్నాయి. ఇంటికొచ్చి కొత్త కాగితం పరిచింది. ఈసారి కోరలు లేవు, గుడ్లురిమి చూడటమూ లేదు. వీపు మీద చెట్లు మోసుకుంటూ మహాకాయుడు తన దారిన తాను నడిచిపోతున్నాడు. కాళ్ల దగ్గర చిన్న ఆడమనిషి చేతులు జోడించి ఉంది. తోట పోగొట్టుకున్న వారంలోనే, ఒక్క గీతలోనైనా కక్ష లేకుండా ఆ బొమ్మ వేయడానికి ఎంత గుండె కావాలి!

అది చూడగానే యుగంధర్ ఫోన్ చేశాడు.

"చాలా బాగుందండీ. కానీ వాడి భుజం మీద ఆ అరటిగెలలేంటి? అక్కడ అరటి పండదు కదా."

"అవి మావేనండి," అంది సూర్యకళ. "తీసేయమంటారా?"

"వద్దండి," అన్నాడాయన. "ఉంచండి."