హారన్లు లోపల, అమ్మమ్మ బయట

మా తాతయ్య ఇంట్లో పాట పెడితే, అది పాడినావిడ ఎక్కడున్నా ఉలిక్కిపడి "ఎవరో నాకంటే బాగా నన్ను వినిపిస్తున్నారే" అనుకుంటుంది. ఈ మాట తాతయ్యే చెప్పాడు కాబట్టి నిజమే అయివుండాలి.

ఆయన సినిమా హాల్లో ఆపరేటరు. హాలు మూతపడ్డప్పుడు అందరూ కుర్చీలూ ఫ్యాన్లూ పట్టుకుపోతే, మా తాతయ్య తెర వెనకాల ఉండే రెండు పెద్ద హారన్ స్పీకర్లను తెచ్చుకున్నాడు. గుమ్మంలో పట్టక కిటికీ చట్రం ఊడదీసి లోపలికి తోశారు. ఉన్న ఒక్క పడకగదిలో అవి కాపురం పెట్టాయి. అమ్మమ్మ మంచం గది గుమ్మానికి ఎదురుగా, వరండా చివరికి వెళ్ళింది.

వాటి గొప్పతనం కాదనలేను. పుస్తకమంత ఆంప్లిఫయరుతోనే ఇల్లు దద్దరిల్లుతుంది. డోలు మీద దెబ్బ పడితే మన కనురెప్ప పడుతుంది. ఇక లోపాలంటారా, అబ్బే, లేనేలేవు. కాస్త మెడ తిప్పితే వయొలిన్ మాయమవుతుంది, అంతే. గొంతు పైనుంచీ డోలు కిందనుంచీ, దెబ్బలాడుకున్న మొగుడూపెళ్ళాల్లా విడివిడిగా వస్తాయి, అంతే. రికార్డు మీది చిన్న గీత కూడా కాలిన పెనం మీద నీళ్ళలా చిటపటలాడుతుంది, అంతే. తాతయ్య మాత్రం వాటికి మూరెడు దూరంలో మెడ పట్టేసినవాడిలా కూర్చుని, తప్పంతా వైర్లదీ, గోడదీ, ఊపిరి పీలుస్తున్న నాదీ అనేవాడు.

వానలు దగ్గరపడ్డాయి. వరండాకి ఒక పక్క గోడే లేదు.

"ఏమండీ, వానొచ్చేలోపు నా మంచం గదిలో పడాలి. వాటిని పంపిస్తారా, నన్ను మా చెల్లెలింటికి పొమ్మంటారా?" అంది అమ్మమ్మ.

తాతయ్య జవాబు చెప్పడానికి కావాల్సినదానికంటే ఎక్కువసేపు ఆలోచించాడు. అది అమ్మమ్మ కళ్ళబడింది. ఇంకేముంది, హారన్లు తీసుకుపోవడానికి పెళ్ళిళ్ళకి మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన తాడు పట్టుకుని దిగాడు.

"కట్టేయమంటారా పెద్దాయనా?"

"ఆగవయ్యా, ఆఖరిసారి ఒక్క పాట."

పాట మొదలైంది. తాతయ్య ఎప్పట్లాగే ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని మొహం చిట్లించాడు. "ఇదుగో, ఇప్పుడు కూడా డోలు ఎక్కడో పక్క వీధిలో ఉంది."

"డోలుకేమయింది? గొంతు పక్కనే బుద్ధిగా కూర్చుంది కదా," అంది అమ్మమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతూ.

"నీకేం తెలుసే!"

"రోజూ వినేదాన్ని, నాకు తెలీదా? రెండో చరణం ముందు ఆవిడ చిన్నగా నవ్వుతుంది. ఎప్పుడైనా విన్నారా?"

వినలేదు. తాతయ్య రుసరుసలాడుతూ వరండాలోకి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. రెండో చరణం వచ్చింది. నవ్వు వినబడింది. గొంతూ డోలూ ఒక్కచోటే ఉన్నాయి. హాలు కోసం పుట్టిన హారన్లు మరి, అంత దూరం వస్తేగానీ వాటి స్వరాలు కలవవు. తాతయ్య పాట అయ్యేదాకా మంచం దిగలేదు.

"ఆయన్ని ఆ తాడొక్కటే పట్టుకుపోమనండి, హారన్లు ఉండనీండి," అంది అమ్మమ్మ. "ఈ ఖాళీ వైపు రేకులు కొట్టించండి. నా మంచం ఇక్కడే ఉంటుంది. మీరు కావాలంటే కాళ్ళవైపు కూర్చోండి."

తాతయ్య కాళ్ళవైపు జరిగాడు. నేను ఊరుకుంటానా?

"అదేంటి తాతయ్యా, అన్నేళ్ళు హాల్లో ఉన్నావు, ఎక్కడ కూర్చుంటే బాగా వినబడుతుందో తెలీదా?"

"నన్నెవడు కూర్చోనిచ్చాడ్రా? ఆట ఆడినంతసేపూ క్యాబిన్లో రీలు పక్కన నిలబడే ఉన్నాను. ఇంక నోరు మూసుకుని పక్కకి జరుగు, పాటకి అడ్డొస్తున్నావ్."