బాడీకి పోయిన లారీ

బాగు చేయించినాక మా లారీ మొదటి లోడు ఏందో తెలిస్తే మీరు నవ్వుతారు. నవ్వండి. ఇన్నాళ్ళు మీ అందర్నీ చూసి నేను నవ్వినా కదా.

మా నాయనది ముందు మూతి పొడుచుకొచ్చిన పాత లారీ. ఒకప్పుడు మా దేశనూరు వడ్లన్నీ దాంట్లోనే పోయినాయి. రెండేండ్లుగా దాన్ని బాగు చేయిస్తున్నా. ఇంజను పలికింది, క్యాబిన్‌కి ఆకుపచ్చ రంగు పడింది. వెనక మాత్రం బాడీ లేదు, ఉత్త ఛాసీ. మా బావ వీరేశు హారన్ కొట్టి చూసి ఇంజను బాగుందని చెప్పే మనిషి. ఆయనకు కూడా ఏదో తక్కువైందని తెలిసిపోయింది.

నాయన మాత్రం రోజూ సాయంత్రం ఎక్కి, స్టీరింగ్ పట్టుకుని కండ్లు మూసుకునేవాడు. వరిమళ్ళ మీది గాలి ఒక తలుపులో వచ్చి ఇంకో తలుపులో పోయేది. లారీ కదలకుండానే ఆయన యాడికో పోయి, చీకటి పడేలోపు తిరిగొచ్చేవాడు. ఒకనాడు దిగుతూ, "ఈసారి కురుగోడు తేరుకి దీంట్లోనే పోదామప్పా" అన్నాడు. నాయన ఏదీ అడిగే మనిషి కాదు. రథం లాగే ఆ తిరునాళ్ళకి ఇంక మూడు వారాలే ఉండాది.

బళ్ళారిలో నేను ఎక్కని షాపు లేదు. ఒకాయన ఇనుప డబ్బా బిగిస్తానన్నాడు. ఇంకొకాయన పాత చెక్క బాడీ ఫొటో చూసి, ఇట్లాంటివి కట్టేవాళ్ళు ఇప్పుడు గోడ మీద ఫొటోల్లోనే ఉన్నారన్నాడు. చివరకు తోరణగల్లు దారిలో చెక్క బాడీలు కట్టే రుద్రప్ప మేస్త్రి ఉన్నాడని తెలిసింది. ఆయనది కన్నడం. నాకు కన్నడం బాగా వచ్చని ఊర్లో చెప్పింది నేనే. ఫోన్ చేసి, "లారీ బాడీగె ఐతి" అన్నా. లారీ బాడీ పనికి ఉందని నా భావం. మేస్త్రి తెగ సంతోషపడి, సోమవారం పొద్దున్నే తెమ్మన్నాడు.

ఆ పొద్దు పత్తిచేన్ల మీద మంచు ఇంకా లేవలేదు. వెనక బరువు లేని లారీ పడవ మాదిరి ఊగింది. నాయన పక్కన కూర్చుని, ప్రతి మలుపునూ పాత చుట్టాన్ని పలకరించినట్టు పలకరించినాడు.

షాపు ముందర వెల్డింగ్ మిషను, బీరువా, మంచం, రుబ్బురోలు వరసగా పెట్టి ఉన్నాయి. మంచం మీద మేస్త్రి భార్య. మేస్త్రి లారీ వెనక్కి పోయి ఛాసీని చూసి, వంగి దాని కింద కూడా చూసి, నా దగ్గరికొచ్చినాడు.

"సామాను యాడ పెట్టేదప్పా?" వచ్చీరాని తెలుగులో అడిగినాడు.

"పెట్టేదానికి నువ్వే కదా కట్టాల."

అప్పుడు అర్థమైంది. ఆయన విన్నది బాడిగె, అంటే అద్దె. షాపు మూసేసి కురుగోడులో సొంతింటికి పోతాండాడు. లారీ కోసం వెతుకుతుంటే నేనే ఫోన్ చేసినా.

నాయన నెమ్మదిగా దిగినాడు. "మేస్త్రీ, నీ సామాను పోవాలంటే దీనికి బాడీ కావల్ల. బాడీ కావాలంటే నీ సామాను మళ్ళీ లోపలికి పోవల్ల."

మేస్త్రి భార్య లేచి, మంచం లోపలికి ఈడ్చింది.

బాడీ పని తేరు నాటి పొద్దునకి ముగిసింది. సామానునీ, మేస్త్రినీ, ఆయన భార్యనీ ఎక్కించుకుని బయల్దేరినాం. కురుగోడు పొలిమేరలో స్టీరింగ్ నాయనకిచ్చినా. మిగిలిన దారంతా కండ్లు తెరిచే నడిపినాడు. సామాను దింపే టైము లేక నేరుగా తేరు కాడికే పోయినాం.

జనం లారీ చుట్టూ మూగినారు. ఒకామె రుబ్బురోలు తట్టి చూసి, ఇది అమ్మేదా అని కన్నడంలో అడిగింది. కన్నడంలోనే జవాబు నా నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుని, మేస్త్రి భార్యను చూపించినా.