యార్డులో చోటు లేదన్నారు

ట్రాక్టర్ వెనక తగిలించే ట్రైలర్‌ను మా వైపు ట్రక్కు అంటారు. మా ట్రక్కును కంపెనీ వెనక్కి పిలుస్తోందని మార్కాపురం ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మేమిద్దరం కంది చేలో ఉన్నాం. మేము కొన్న రకం ట్రక్కుల్లో బ్రేకు లోపం బయటపడిందట. ట్రాక్టర్ బ్రేకు తొక్కితే పైపులోంచి ఆయిల్ వెళ్లి ట్రక్కు చక్రాలను కూడా పట్టుకోవాలి. ఆ పైపు జాయింటు బరువు మీద ఊడిపోవచ్చని, తీసుకొస్తే ఉచితంగా మారుస్తామని చెప్పారు.

మా ఆయన మరునాడే ట్రక్కు తగిలించుకుని బయల్దేరాడు. పొద్దు గూకేవేళకు అదే ట్రక్కుతో తిరిగి వచ్చాడు.

“కొత్తది ఏసినారా?” అని అడిగాను.

“సామాను రాలేదంట. వచ్చినాక ఫోన్ చేస్తారంట.”

“అందాకా ఏం చెయ్యాలంట?”

“‘మెల్లగా తోలుకో అన్నా, బరువు తక్కువెయ్యి’ అన్నారు.”

ఆయన దాన్ని తీసుకెళ్లి రేకుల కొట్టం కింద పెట్టాడు. చాలా రోజులు కదిలించలేదు. నడుమ ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి స్పీకర్‌లో పెట్టాడు. “ఇంకా రాలేదన్నా. మెల్లగా తోలుకోండి, ఏం కాదు,” అన్న మాట నేనూ విన్నాను.

కందులు నూర్పిడి అయ్యాక బస్తాలన్నీ చేలోనే ఉన్నాయి. నల్లమల వైపు నుంచి మబ్బులు దిగుతున్నాయి. ఊళ్లో అందరి పంటా ఒక్కసారే చేతికొచ్చింది కాబట్టి బాడుగకు ఇంకో ట్రక్కు దొరకలేదు. మా ఆయన సగం బస్తాలే వేశాడు. తాడు రెండుసార్లు బిగించాడు. నేను ఆయన పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను.

చేలో నుంచి ఊరికి రావాలంటే వాగు దాటాలి. వాగు మీద చప్టా ఉంది. దానికి రెండు వైపులా దారి కిందికి దిగుతుంది. దిగుడు మొదట్లోనే మా ఆయన చిన్న గేరులో వేశాడు. సగం దిగాక బ్రేకు తొక్కాడు. మొదట ట్రాక్టర్ చక్రాలు పట్టుకున్నట్టే అనిపించింది. అంతలో వెనక నుంచి ఎవరో గట్టిగా తోసినట్టయింది. ట్రాక్టర్ ఆగాలని చూస్తోంది, ట్రక్కు ఆగనివ్వడం లేదు.

చప్టా మీద గొర్రెలున్నాయి. వాటి వెనక పెదనాయన ఉన్నాడు.

పక్క పల్లెలో గొర్రెలు కాచే ఆయన. మా ఆయన మామా అని పిలిచేవాడు, నాకు పెదనాయన వరస. ఎండాకాలం మా చేలో మంద కట్టేవాడు. గొర్రెలు అక్కడ పడుకుంటే చేనికి ఎరువు. రాత్రికి మా ఇంటి నుంచి సంగటి వెళ్లేది. గొర్రె ఈనితే నన్ను పిలిచి పిల్లను చూపించేవాడు. అంత వయసు మనిషి, గొర్రె కాలికి ముల్లు గుచ్చుకుంటే తన పంటితో తీసేవాడు.

మా ఆయన హారన్ కొడుతూ, “మామా, పక్కకు పో! మామా!” అని అరిచాడు. నేనూ అరిచాను. పెదనాయన తిరిగి చూశాడు. ఆయన ఒక్కడే అయితే వాగులోకి దూకేవాడు, నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. గొర్రెలను తోలాలని చూశాడు. చేతులు చాపి, హెయ్, హెయ్ అంటూ వాటిని అంచుకు నెడుతున్నాడు. ట్రాక్టర్ అడ్డం తిరిగింది. వెనక ట్రక్కు విసురుగా వచ్చి ఆయన్ని చప్టా రాళ్లకేసి అదిమింది.

నేను ఇసకలో పడ్డాను. లేచి చూసేసరికి మా ఆయన పెదనాయన తల ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. పైపు ఊడిపోయి రాయి మీద ఆయిల్ కారుతోంది. బతికిన గొర్రెలు కొంచెం దూరంలో నిలబడి మా వైపే చూస్తున్నాయి. అంబులెన్సు వచ్చేలోపే ఆయన పోయాడు.

నిర్లక్ష్యంగా తోలాడని మా ఆయన మీద కేసు పెట్టారు. కొన్నాళ్లు లోపలుంచి బెయిలిచ్చారు. బండ్లను తనిఖీ చేసే అధికారి వచ్చి పైపు చూసి, జాయింటు ఊడిన మాట నిజమే అన్నాడు. ఏజెన్సీ వాళ్లు మాత్రం, “మారుస్తామని పిలిచినాం, అందాకా తోలొద్దని చెప్పినాం,” అన్నారు. మెల్లగా తోలుకో అన్న మాట ఎవరూ అనలేదట. నేను విన్నానని చెబితే, మొగుని మీద ప్రేమతో చెప్తున్నావులే అని పోలీసాయన నవ్వాడు.

పెదనాయన ఇంటికి వెళ్లాలని మా ఆయన లేచేవాడు, పెద్దలు ఆపేవారు. ఇప్పుడు పోతే గొడవవుతుందనేవారు. చివరికి పెద్దమ్మే మా ఇంటికి వచ్చింది. దినాలు అయిపోయాయి అప్పటికి. బొట్టు లేని ఆ మొహాన్ని చూసి నేను కూర్చోమని కూడా అనలేకపోయాను. మా ఆయన అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

“తాగినావా ఆ పొద్దు?” అని అడిగింది.

“లేదత్తా.”

“ఫోన్ మాట్లాడతా తోలినావా?”

“లేదత్తా.”

“మరెందుకు నిలబడలే అది?”

ఆయన బ్రేకు సంగతి చెప్పాడు. ఏజెన్సీ వాళ్లు పిలవడం, తాను పోవడం, తిప్పి పంపడం అంతా చెప్పాడు. ఆమె కళ్లార్పకుండా విన్నది.

“అయితే నీకు ముందే తెలుసు.”

“తెలుసత్తా.”

“తెలిసే తోలినావు.”

“తోలినా.”

ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. మా ఆయన గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నేను దగ్గరికి వెళ్తే, “తిట్టిపోయినా బాగుండు,” అన్నాడు.

వారం తిరగకముందే ఆమె మళ్లీ వచ్చింది. గడప బయటే నిలబడి, “ఆ దుకాణం యాడుందో సూపించు,” అంది. ముగ్గురం బస్సెక్కి మార్కాపురం వెళ్లాం.

ఏజెన్సీ ముందు కొత్త ట్రక్కులు ఎర్రగా మెరుస్తూ వరసగా ఉన్నాయి. మేనేజరు మా ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. పెద్దమ్మ ఎవరో తెలిశాక కుర్చీ వేయించి నీళ్లిప్పించాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. నీళ్లు ముట్టలేదు.

“ఇది చెడిపోయిందని పిలిచింది మీరే కదా?”

“కంపెనీ చెప్పింది, మేము పిలిచినామమ్మా.”

“పిలిస్తే వచ్చినాడు కదా ఈ పిల్లోడు. చెడిపోయినదాన్ని మళ్లీ వాని చేతికే ఎందుకిచ్చినారు? ఈడ్నే పెట్టుకోవచ్చు కదా?”

మేనేజరు “యార్డులో చోటు లేదమ్మా,” అన్నాడు.

ఆమె యార్డంతా కలయజూసింది. అమ్మకానికి పెట్టిన ట్రక్కుల మధ్య నడిచి వెళ్లి, ఒకదాని చక్రం పక్కన నేల మీద కూర్చుంది. “చోటు చెయ్యండి,” అంది. “ఊళ్లల్లో తిరిగేటియన్నీ తెచ్చి ఈడ పెట్టండి. అప్పటిదాకా నేను లెయ్యను.”

వచ్చేపోయేవాళ్లు గుమిగూడారు. ఏంది కథ అని అడిగిన ప్రతివాడికీ ఆమె ఒకే తీరుగా చెప్పింది. మా ఆయనను వేలితో చూపించి, “ఈయన తోలిన ట్రక్కు కిందే మా ముసలాయన పోయినాడు,” అనేది. మా ఆయన తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు. పొదిలి నుంచి వచ్చిన ఒక రైతు తనదీ అదే రకమని గుర్తుపట్టి, మరునాడు ట్రక్కును తెచ్చి గేటుకు అడ్డంగా వదిలేసి పోయాడు. కురిచేడు నుంచి ఇంకొకటి వచ్చింది. పోలీసులు వచ్చి పెద్దమ్మను లేపి పంపారు. ఆమె తెల్లారి బస్సుకు మళ్లీ వెళ్లింది, మేమూ వెళ్లాం. అట్లా కొన్నాళ్లు నడిచింది. తర్వాత కంపెనీ నుంచి జాయింట్లు వచ్చాయి. మార్చేదాకా ట్రక్కులు యార్డులోనే ఉంచుకున్నారు. కొన్నింటిని ఊళ్లకే మనిషిని పంపి బాగు చేయించారు. మేనేజరును మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉన్నాడు.

గొర్రెల్ని పెద్దమ్మ అమ్మేసింది. కాచే ఓపిక లేదంది. పోలీసులు పట్టుకెళ్లిన మా ట్రక్కును కోర్టు నుంచి విడిపించాక కొనడానికి వెలిగండ్ల నుంచి ఒకాయన వచ్చాడు. మా ఆయన జరిగిందంతా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాడు. జాయింటు కొత్తది వేశారని కూడా చెప్పాడు. ఆయన ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ట్రాక్టర్ ఇప్పుడు మా మరిది తోలుతున్నాడు. మా ఆయన దాని మీద ఎక్కలేదు.

కేసు ఇంకా తెమలలేదు. గిద్దలూరు కోర్టులో పెద్దమ్మ సాక్ష్యం చెప్పింది. వానికి తెలుసు అని చెప్పింది. దుకాణం వాళ్లకు ఇంకా బాగా తెలుసు అనీ చెప్పింది. రెండో మాటకు కేసుతో సంబంధం లేదని సర్కారు వకీలు అడ్డుపడితే, “ఎందుకు లేదు నాయనా?” అని ఆయన్నే అడిగింది.

వాయిదా ఉన్నప్పుడల్లా ముగ్గురం ఒకే బస్సులో వెళ్తాం. ఆమె ముందు సీట్లో కూర్చుంటుంది, మేము వెనక. దిగేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉంటుందని మా ఆయన ఆమెకు చెయ్యి అందిస్తాడు. కొన్నిసార్లు పట్టుకుంటుంది, కొన్నిసార్లు కమ్మీ పట్టుకుని తానే దిగుతుంది.