పొద్దుటి మసక

2022 వేసవి. నందిగామలో ఒక చిన్న కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. శుక్లం తీశాక కంట్లో పెట్టే కృత్రిమ లెన్సు ఏ పవరుది కావాలో ముందే కొలవాలి. ఆ కొలతను బయోమెట్రీ అంటారు. అది నా పని. ఆ ఏడే కార్నియా జబ్బుల మీద పరిశోధన కోసం మాకు స్పెక్యులర్ మైక్రోస్కోపు అనే యంత్రం వచ్చింది. నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొరే కార్నియా. దాని లోపలి కణాలను ఆ యంత్రం ఫొటో తీస్తుంది. ఆ కణాలు బాగా తగ్గితే కార్నియాలో నీరు చేరి తెల్లబడుతుంది. శుక్లం ఆపరేషన్‌లోనూ ఆ కణాలు కొన్ని పోతాయి, పోయినవి మళ్లీ పుట్టవు. పరిశోధనలో చేరినవాళ్లకు మాత్రమే ఆ ఫొటోలు తీసేవాళ్లం.

ఒక సోమవారం చిల్లకల్లు నుంచి కరీముల్లా గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. హైవే పక్కన లారీలకు నంబర్లు, పేర్లు రాసే పెయింటర్. కుడికంట్లో శుక్లం ముదిరింది. నేను కొలతలు తీస్తుంటే ఆయనే చెప్పారు.

"పొద్దున లేవగానే అంతా పొగమంచులాగా ఉంటందమ్మా. ఎండెక్కేకొద్దీ తేటపడుద్ది. పదకొండైతే గానీ పనిలో కూర్చోలేకపోతన్నా."

"శుక్లమేనండి. ఆపరేషనైతే పోతుంది. కదలకండి," అన్నాను.

పొద్దున ఎక్కువై మధ్యాహ్నానికి తగ్గే మసక శుక్లానిది కాదు, కార్నియాది. రాత్రి రెప్పలు మూసి ఉన్నప్పుడు కార్నియాలో చేరిన నీరు పగలు ఆరుతుంది. ఇది నేను చదువుకున్నదే. కానీ బయట బెంచీల నిండా జనం. పక్క గదిలోనే యంత్రం ఉంది, రెండు నిమిషాల పని. ఫొటో తీయలేదు సరికదా, ఆయన మాట ఫైల్లో కూడా రాయలేదు. డాక్టరు గారు చూసినప్పుడు కార్నియా పైకి తేటగానే కనిపించింది.

ఆపరేషన్‌లో లెన్సు సరిగ్గానే కూర్చుంది. మర్నాడు కట్టు విప్పితే కార్నియా ఉబ్బి ఉంది. వారంలో తగ్గుతుందనుకున్నాం. మూడు నెలలైనా తగ్గలేదు. ఉబ్బిన కుడికంట్లో యంత్రానికి కణాలేవీ కనిపించలేదు. ఎడమకంటికి ఫొటో తీస్తే కణాలు పలచగా, మధ్యమధ్య నల్లటి ఖాళీలతో కనిపించాయి. రెండు కళ్లకూ ముందునుంచీ ఉన్న జబ్బే.

డాక్టరు గారికి జరిగింది చెప్పాను.

"ముందే తెలిస్తే జాగ్రత్తపడేవాళ్లం. ఆ మాట కరీముల్లా గారికి కూడా చెప్పు," అన్నారు.

చెప్పాను. కరీముల్లా గారు కోప్పడలేదు.

"ఆ రోజు నేను చెప్పాగదమ్మా," అన్నారు.

"చెప్పారండి. నేనే పట్టించుకోలేదు."

పక్కనున్న ఆయన భార్య మస్తాన్‌బీ, "ఆ రెండో కన్నన్నా మిగులుద్దామ్మా?" అని అడిగింది.

దాత కార్నియా కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశారు. దొరికింది, మార్చారు. కానీ శరీరం దాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. ఎదుటి మనిషిని పోల్చుకునేపాటి చూపు మాత్రం వచ్చింది. అక్షరాలు తిన్నగా రావడం లేదని ఆయన తన బ్రష్షులు వేరే పెయింటరుకు ఇచ్చేశారు.

ఇప్పుడు కొలతలకు ముందే పేషెంటు ఏం చెబితే అది, వాళ్ల మాటల్లోనే ఫైల్లో రాస్తాను. వెనక ఎంతమంది విసుక్కున్నా సరే. యంత్రం మనం పెట్టిన కంటినే చూస్తుంది. ఏ కంటికి పెట్టాలో పేషెంటు నోటినుంచే తెలియాలి. పోయిన ఏడు చందర్లపాడు నుంచి వచ్చిన ఒకామె అదే పొద్దుటి మసక చెప్పింది. వెంటనే ఫొటో తీశాను. జబ్బు బయటపడింది. డాక్టరు గారు ముందే జాగ్రత్తలు తీసుకుని ఆపరేషన్ చేశారు. ఆమె కన్ను తేటగా ఉంది.

కరీముల్లా గారు చెకప్‌కు వచ్చినప్పుడల్లా ఆమె సంగతి చెప్పాలనుకుంటాను. ఇంతవరకూ చెప్పలేకపోయాను.