రెండు తీగలు

చనిపోయినవారు తిరిగి వస్తారన్న మాటను నేను ఏనాడూ అంగీకరించలేదు. భౌతికశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మా తండ్రిగారు చర్చిలో సంఘ పెద్ద. దయ్యాల కబుర్లను మా గడప దాటి లోపలికి రానిచ్చేవారు కారు. ఏ ఫలితమైనా ఒకసారి వస్తే చాలదనీ, అవే పరిస్థితులు కల్పిస్తే మళ్లీ రావాలనీ పిల్లలకు చెప్పి చెప్పి నాకు అదే స్వభావమైపోయింది. ఇక్కడ రాస్తున్నది మళ్లీ రాని ఒక ఫలితం గురించి. అందుచేత జరిగినదాన్ని జరిగిన క్రమంలోనే, నా ఊహలేవీ కలపకుండా రాస్తాను.

నా చెల్లెలు సుగుణ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక పుంగనూరులో చిన్న ఇల్లు అద్దెకు తీసుకొని ఒంటరిగా ఉండేది. నిరుడు వానలు మొదలయ్యే రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేరి, అక్కడే ప్రభువునందు నిద్రించింది. మదనపల్లెలో మా అమ్మానాన్నల సమాధుల పక్కన ఆమెను ఉంచాము.

నేను ఏడవలేదు. చేయవలసిన పనులన్నీ వరసగా చేశాను. మరణ ధ్రువపత్రం తెచ్చాను, పింఛను కార్యాలయానికి తెలియజేశాను, పలకరించడానికి వచ్చినవారికి కాఫీ అందిందో లేదో కూడా చూశాను. అందరూ నా నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. అది నిబ్బరం కాదు. పంటి వైద్యుడు సూది వేశాక దవడ మనది కానట్టు ఉంటుంది కదా, నాకు లోపలంతా అలాగే ఉండేది.

కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. సుగుణ ముఖం నాకు గుర్తు రావడం లేదు. గొంతు గుర్తుంది. ఇస్త్రీ మడత నలగని తెల్ల చీర గుర్తుంది. థర్మామీటరు విదిలించినట్టు చేయి విదిలిస్తూ మాట్లాడే తీరు గుర్తుంది. ముఖం ఉండవలసిన చోట మాత్రం ఏమీ లేదు. పుట్టిన నాటి నుంచి చూసిన ముఖం. ఈ మాట మా అమ్మాయి శాంతికి కూడా చెప్పలేదు.

సమాధి రాయిని కుప్పంలో చేయించాలనుకున్నాము. నల్ల గ్రానైటు పలక మీద పేరుతో పాటు ముఖం కూడా చెక్కించడం మా సంఘంలో ఇప్పుడు ఆనవాయితీ అయింది. అందుకు మంచి ఫోటో కావాలి. సుగుణకు ఫోటో అంటే గిట్టదు. పెళ్లిళ్లలో తీసిన ఫోటోలలో వడ్డిస్తూ వంగి ఉంటుంది, లేకపోతే ఎవరి భుజం వెనకో ఉంటుంది. ఆసుపత్రిలో వీడ్కోలు సభ కరోనా రోజుల్లో జరిగింది గనుక ఆ ఫోటోలన్నింటిలోనూ మాస్కు ఉంది. చివరికి ఆమె ఆధార్ కార్డు పట్టుకొని నేనూ శాంతీ కుప్పం వెళ్లాము.

రాయి చెక్కే మునెప్ప ఆ కార్డును వెలుతురుకు పెట్టి చూశాడు.

"దీన్ని రాయి మీద ఎక్కిస్తే ఆయమ్మే వచ్చి సూసి, ఎవురీమె అంటాది సార్."

శాంతి నవ్వింది. నేను నవ్వలేదు. ఆ కార్డులో ఉన్నది సుగుణ ముఖమో కాదో నేను నిజంగానే చెప్పలేకపోయాను. మునెప్ప పలకను నునుపు చేసి, పేరూ బైబిలు వాక్యమూ చెక్కి, ముఖానికి కోడిగుడ్డు ఆకారంలో చోటు వదిలిపెడతానన్నాడు. సమాధి దగ్గర మేము జరపబోయే జ్ఞాపకార్థ కూడిక నాటికి ఫోటో రాకపోతే అక్కడ సిలువ గుర్తు వేసి ఇచ్చేస్తానన్నాడు.

తిరిగి వస్తుండగా శాంతికి ఒక మాట గుర్తొచ్చింది. ఆసుపత్రిలో చూడడానికి వెళ్లినప్పుడు అత్త తనతో అన్నదట: "ఒక ఫోటో తీయించుకున్నానే. ఫోన్లో ఉండాది. రాయికి అదే పెట్టమను మీ నాయన్ను." అలాంటి మాటలు మాట్లాడవద్దని శాంతి కసిరి, ఎవరు తీశారని కూడా అడగకుండా వచ్చేసిందట.

ఆ ఫోన్ నా బీరువాలోనే ఉంది. ఆసుపత్రి మంచం మీది నుంచి కింద పడి, దాని తెర నల్లబడిపోయింది. చార్జింగు పెడితే ఒకసారి వణుకుతుంది. అంతే. తెర వెలగదు, వేలితో ముట్టుకున్నా పలకదు. మదనపల్లెలో ఫోన్లు బాగుచేసే దుకాణానికి తీసుకువెళ్తే, ఈ రకానికి తెరలు రావడం ఆగిపోయిందన్నారు. లోపల మెమరీ కార్డు కూడా లేదు.

"ఫోన్ కన్నా దీని కవరే బాగుండాది సార్" అన్నాడు దుకాణదారు. కంప్యూటరుకు తగిలించి, ఉన్నవేవైనా దించుకోగలరేమో చూడమని సలహా ఇచ్చాడు.

శాంతి బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె లాప్‌టాప్‌కు ఫోన్‌ను తగిలించాము. లాప్‌టాప్ దాన్ని గుర్తించలేదు. ఒకసారికి ఒకే మార్పు చేయాలని నేను పట్టుబట్టాను. ముందు కేబుల్ మార్చాము. తర్వాత లాప్‌టాప్‌లో తగిలించే చోటు మార్చాము. రెండింటినీ ఆపి మళ్లీ ఆన్ చేశాము. ఫోన్లను గుర్తుపట్టే డ్రైవర్ ప్రోగ్రామును తీసివేసి కొత్తగా ఎక్కించాము. నా పాత విద్యార్థి నడిపే ఇంటర్నెట్ కేంద్రంలో వేరే కంప్యూటరు మీద కూడా చూశాము. ప్రతిసారీ అదే కేబుల్‌ను శాంతి ఫోన్‌కు పెడితే కంప్యూటరు తక్షణం గుర్తించేది. అంటే కంప్యూటరు బాగుంది, కేబుళ్లు బాగున్నాయి.

లోపం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. కంప్యూటరుకు తగిలించగానే, చార్జింగు మాత్రమేనా, ఫోటోలూ అవీ కూడా ఇవ్వాలా అని ఆ ఫోన్ తన తెర మీద అడుగుతుంది. వేలితో నొక్కి ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా అందులో ఉన్నదేదీ కంప్యూటరుకు కనబడదు. ఈ ఫోన్ ప్రతిసారీ ఆ ప్రశ్న అడుగుతూనే ఉండి ఉంటుంది. జవాబు చెప్పే చోటు లేదు.

"అచ్చం అత్త మాదిరే నాన్నా. ఫోటో అంటే మొహం తిప్పుకుంటాండాది" అంది శాంతి.

పుంగనూరు ఇల్లు ఖాళీ చేయవలసిన రోజు వచ్చింది. సామాను ఆటోలో వేయించి, అక్కడి నుంచి అటే కుప్పం వెళ్లి సిలువ గుర్తు వేసేయమని మునెప్పకు చెప్పిరావాలని నిర్ణయించుకున్నాను. శాంతి మాత్రం లాప్‌టాప్‌నూ ఫోన్‌నూ సంచిలో పెట్టుకొని వచ్చింది. వంటగది అలమరలో సుగుణ చార్జింగుకు వాడుకున్న కేబుల్ దొరికింది. మెడ దగ్గర తెగుతున్నచోట గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు నున్నగా చుట్టి ఉంది. ఆ చుట్టడం నర్సు చేతి పని అని ఎవరైనా చెప్పగలరు.

దాన్ని కూడా తగిలించాము. ఫోన్ వణికింది. లాప్‌టాప్ పలకలేదు. శాంతి కరెంటు మీటరు చూపించడానికి ఇంటి యజమానురాలి దగ్గరికి వెళ్లింది. నేను కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం వేళ. వీధి తలుపు తెరిచే ఉంది. టమోటా లారీ ఒకటి వెళ్లింది. నా చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. ఇది నాకు రూఢిగా తెలుసు.

లాప్‌టాప్ నుంచి చిన్న శబ్దం వచ్చింది. కొత్త పరికరం అనుసంధానం అయినప్పుడు వచ్చే శబ్దమే. తర్వాత దాని తెర మీద ఒక కిటికీ తెరుచుకొని, అందులో సుగుణ అన్న పేరు, దాని కింద ఫోల్డర్లు కనిపించాయి. ఫోన్ వైపు చూశాను. తెర నల్లగానే ఉంది. తలుపులోంచి పడే ఎండ దాని మీద మెరుస్తోంది, అంతకు మించి ఏమీ లేదు. ముట్టుకుంటే పోతుందేమోనని నేను దేన్నీ ముట్టుకోకుండా శాంతిని పిలిచాను.

"ఏం నొక్కినావు నాన్నా?"

"ఏమీ నొక్కలేదు. ముందు కాపీ చెయ్యి."

అన్నిటికన్నా చివర తీసిన ఫోటోను ఆమె కాపీ చేసింది. రెండోదాని మీద చేయి పెట్టేలోగా కిటికీ మూసుకుపోయింది. తీసి, తగిలించి, ఆ కేబుల్‌తోనే ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్లీ తెరుచుకోలేదు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చొని ఉంది సుగుణ. మాస్కు లేదు. నెరిసిన జుట్టు తడిపి దువ్వుకొంది. తిన్నగా ఎదుటికే చూస్తోంది. శాంతి ఏడ్చింది. నాకు దుఃఖమూ రాలేదు, సంతోషమూ రాలేదు. ఇదే ముఖం అని మాత్రం అనుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా కుప్పం వెళ్లాము. మునెప్ప ఫోటోను చాలాసేపు చూశాడు.

"ఇది సార్ ఫోటో అంటే. ఆయమ్మ ఏందో సెప్పబోతాండాది సూడండి."

ఇంటికి వచ్చాక, ఫలితానికి కారణం తేలకుండా వదలడం నాకు అలవాటు లేదు గనుక, మిగిలిన పరీక్ష కూడా చేశాను. మార్చినది కేబుల్ ఒక్కటే. కాబట్టి కారణం ఆ కేబులే కావాలి. దాన్ని శాంతి ఫోన్‌కు పెట్టాను. చార్జింగు ఎక్కింది. లాప్‌టాప్ ఆ ఫోన్‌ను గుర్తించలేదు. శాంతి తన ఫోన్‌లో అనుమతి నొక్కబోయింది. ఆ ప్రశ్నే తెర మీదికి రాలేదు. బాగా పనిచేసే మరో కేబుల్ పెడితే వెంటనే గుర్తించింది.

ప్లాస్టరు విప్పి, బ్లేడుతో కేబుల్ పై తొడుగు కోశాను. ఇటువంటి కేబుల్ ఫోటోలు మోయాలంటే లోపల నాలుగు తీగలుండాలి. ఎరుపు, నలుపు కరెంటుకు. ఆకుపచ్చ, తెలుపు సమాచారానికి. సుగుణ కేబుల్‌లో ఎరుపు, నలుపు మాత్రమే ఉన్నాయి. మిగిలిన రెండూ తెగిపోలేదు. మొదటి నుంచీ లేవు. చార్జింగుకు మాత్రమే పనికివచ్చే చౌక రకం అది. అటు చివర కూడా కోసి చూశాను. అక్కడా రెండే.

కేబుల్ మారిపోయిందేమో అని శాంతి అడిగింది. ప్లాస్టరు చుట్టిన కేబుల్ అది ఒక్కటే, పుంగనూరు నుంచి నా సంచిలోనే వచ్చింది. ఆ ఇంట్లో ఇంటర్నెట్ లేదు, ఫోన్‌లో సిమ్ కూడా లేదు. ఇంటర్నెట్ కేంద్రం నడిపే నా విద్యార్థికి ఇదంతా వివరిస్తే, మీరెక్కడో పొరబడి ఉంటారు సార్ అని వినయంగానే అన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. కానీ ఫోటో శాంతి లాప్‌టాప్‌లో ఉంది.

జ్ఞాపకార్థ కూడిక నాడు రాయి మీది గుడ్డ తీశారు. సుగుణతో పనిచేసిన నర్సులు చాలామంది వచ్చారు. వారిలో పెద్దామె ఒకరు చెక్కిన చెంప మీద అరచేయి పెట్టి, "నువ్వు గూడా ఫోటోకి నిలబడినావా సుగుణక్కా" అన్నారు. ఆ ఫోటో ఎవరు తీశారని అందరినీ అడిగాను. మేము తీయలేదన్నారు. ఆమె చివరి రోజుల్లో ఉన్న వార్డులో పనిచేసేవారిని కూడా శాంతి కనుక్కుంది. ఎవరికీ తెలియదు.

శాంతి ద్వారా విషయం తెలుసుకున్న పాస్టరుగారు, దీన్ని సంఘం ముందు సాక్ష్యంగా చెప్పమని కోరారు. నేను ఒప్పుకోలేదు. దేవుని కార్యమని చెప్పడానికి నాకు ఆధారం లేదు. కాదని చెప్పడానికీ లేదు. వాక్యం చదివి కూర్చున్నాను.

ఆ ఫోన్‌ను నాలుగు తీగల కేబుళ్లతో ఇప్పటికీ అప్పుడప్పుడు తగిలించి చూస్తుంటాను. వణుకుతుంది. కంప్యూటరు గుర్తించదు.

కళ్లు మూసుకుంటే సుగుణ ముఖం ఇప్పుడు కనబడుతుంది. రాయి మీద ఉన్న వయసులోనే కాదు, పలక పట్టుకొని బడికి నా వెనక నడిచిన వయసులో కూడా. అది నా దగ్గరికి ఏ దారిన వచ్చిందో నాకు తెలియదు.