మేకుల డబ్బా

మా ఆయనకి తుప్పు అన్న మాట బూతుతో సమానం. ఇరవై ఏళ్లుగా ఉక్కు కారఖానాలో కాంట్రాక్టు సూపర్వైజరు. అట్లకాడ మీద చిన్న మరక కనిపించినా నా శీలం మీద మచ్చ పడ్డట్టు చూస్తాడు. అలాంటి మనిషిని పట్టుకుని మా అత్త తుప్పు ఇనుము తెమ్మంది.

మా అత్త కలంకారీ గీస్తుంది. పెళ్లికి ముందు, తండ్రి రైల్వే ఉద్యోగం కాళహస్తిలో ఉన్నప్పుడు నేర్చుకున్న పని. ఈసారి క్రిస్మస్‌కి మాంగో పేటలోని మా తెలుగు చర్చిలో బల్ల మీద పరిచే గుడ్డ తనే గీయాలని పంతం పట్టింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదీ ఎన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పేశాడు. అది ఉండగానే గీసెయ్యాలి. కరక్కాయా గేదెపాలూ పట్టించిన గుడ్డని బాల్కనీలో ఆరేస్తే, ఆ కంపుకి నేను ఆవిడకి వినపడేలా మూలిగాను.

నల్లగీతకి రంగు బజార్లో కొనేది కాదు. తుప్పు ఇనుమూ బెల్లమూ కుండలో నీళ్లు పోసి ఇరవై రోజులు ఊరబెట్టాలి.

"ఏటే, నా మేకుల డబ్బా ఏదీ?" అంది. కాళహస్తి నుంచి తెచ్చుకున్న తుప్పు మేకులు, ఏళ్లుగా మంచం కిందే ఉండేవి.

"నాకేటి తెల్సు అత్తా," అన్నాను. వారం ముందే పాత ఇనుము కొనే కబాడీవాడికి ఇచ్చేశాను.

మా ఆయన సాక్చి బజారుకి వెళ్లి ఏవో తెచ్చి కుండలో తనే వేశాడు. "ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్ మాల్, అమ్మా!"

ఇరవై రోజులకి మూత తీస్తే పులిసిన బెల్లంనీళ్లలో స్టెయిన్‌లెస్ బోల్టులు పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. ఈ మహానుభావుడికి సిగ్గుకి బదులు గర్వం. "జరా భీ తుప్పు పట్నేదు, చూసేవా!"

ఉక్కు ఊళ్లో పుట్టి పెరిగి, ఏ ఇనుము తుప్పు పడుతుందో తెలియని మేధావి! రెండు రోజులు నోటికొచ్చినట్టు తిట్టాను. అత్తే ఆపింది. "పోన్లెద్దూ. ఆడేటి కావాలని సేసేడా?"

తర్వాత సోనారిలో ఎవరో పీకేసిన పాత గేటు బందులు తెచ్చాం. మళ్లీ ఇరవై రోజులు. ఈసారి నలుపు కాటుకలా వచ్చింది. అప్పటికి రెండో కన్నూ పోయి అత్తకే కనిపించలేదు. కలం నా చేతికిచ్చి, నా మణికట్టు పట్టుకుని గీయించింది. గీతలన్నీ తాగినవాళ్లలా తూలాయి.

పండగనాడు చర్చిలో ఆడవాళ్లంతా ఆవిడ పనితనాన్ని తెగ పొగిడారు. ఏం గీసి ఉందో చూడని పొగడ్తలు. అత్త గుడ్డని వేళ్లతో తడుముతూ నావైపు వంగింది.

"నలుపు బాగా వచ్చినాదేటే?"

"వచ్చింది అత్తా."

మొదటి కుండ మూత తీసిన రోజుకి ఆవిడకి ఇంకా చూపుంది. మేకుల సంగతి ఇప్పటికీ చెప్పలేదు. మా ఆయన్ని మాత్రం ఆ బోల్టుల పేరెత్తి ఇంకా దెప్పుతూనే ఉన్నాను.